వైదుంబ గండ త్రినేత్రుడి ఏలుబడి: వీరగల్లులే ఆధారమైన ఒక రాజ్యచరిత్ర

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు ఉన్న ప్రాంతం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైబడిన ఎత్తున, మైసూరు పీఠభూమికి తూర్పు అంచుగా పరచుకున్న మెట్టసీమ. తూర్పున కనుమలు దిగితే చంద్రగిరి, చిత్తూరు మైదానాలు వస్తాయి. పడమటికి సాగితే కోలారు, ఉత్తరానికి సాగితే పాపఘ్ని లోయ మీదుగా కడప సీమ, దక్షిణాన కుప్పం దాటితే తమిళదేశం ఎదురవుతాయి. మూడు భాషలు కలిసే ఈ ఎత్తైన నేల మీద మహాసామ్రాజ్యాల రాజధానులు వెలిసినట్టు చరిత్ర చెప్పదు గాని, సామ్రాజ్యాల నడుమ నలుగుతూ, ఒకసారి ఒకరికి సామంతులై, మరొకసారి స్వతంత్రులై, తమ పరిధిలో తామే మహారాజులమని చెప్పుకొన్న చిన్న రాజవంశాలు ఇక్కడ చాలా కాలం మనుగడ సాగించాయి. వాటిలో వైదుంబ వంశం ఒకటి. ఆ వంశంలో అందరికంటె ఎక్కువ శాసనాల్లో పేరు మిగుల్చుకొన్నవాడు 9వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఏలిన గండ త్రినేత్ర వైదుంబ మహారాజు.

ఈ రాజుకు ఆస్థాన కవి రాసిన చరితం లేదు. అతని పుట్టుకను, పట్టాభిషేకాన్ని, దిగ్విజయాలను వరుసగా వర్ణించే ప్రశస్తి, అంటే రాగిరేకుల మీదనో గుడి గోడల మీదనో రాజులు చెక్కించుకొనే పొగడ్త కావ్యం, అతని గురించి మనకు చేరలేదు. అతని ఏలుబడిని తెలిపేవి ముఖ్యంగా వీరగల్లులు. యుద్ధంలోనో, పశువుల దొంగలతో జరిగిన పోరులోనో ప్రాణం వదిలిన మనిషి పేరిట ఊరివారు గాని, బంధువులు గాని, అతని ఏలిక గాని నిలిపిన స్మారకశిలను వీరగల్లు అంటారు. తమిళదేశంలో దానినే నడుగల్ అంటారు. మదనపల్లె, వాయల్పాడు, పుంగనూరు పాత తాలూకాల పల్లెల్లోను, సరిహద్దుకు ఆవల కోలారు ప్రాంతంలోను ఇటువంటి రాళ్ళు పెద్ద సంఖ్యలో దొరికాయి. కనుక గండ త్రినేత్రుడి రాజ్యం గురించి మనకు తెలిసినదంతా అతని కోసం, లేదా అతనికి ఎదురునిలిచి, చనిపోయినవారి ద్వారానే తెలిసింది. రాజు పేరు ఆ రాతలో మొదటి పంక్తిలో, కాలాన్ని సూచించే గుర్తుగా మాత్రమే కనిపిస్తుంది. శాసనంలోని అసలు విషయం మరొకడిది. రాజుల చరిత్రలు రాసినవారు ఈ సంగతిని సాధారణంగా ఒక లోటుగా చూశారు గాని, అది లోటు అనడం కంటె అరుదైన అవకాశం అనడమే సమంజసం. ఎందుకంటే ప్రశస్తి రాజు చెప్పదలచుకొన్నదాన్ని చెబుతుంది, వీరగల్లు ఊరు భరించినదాన్ని చెబుతుంది.

వైదుంబులు ఈ నేలకు తొలి ఏలికలు కారు. వారికి ముందు ఇక్కడ ప్రబలంగా ఉన్నవారు రేనాటి చోళులు. తెలుగులో రాసిన శాసనాల్లో అత్యంత పాతదిగా చెప్పే కలమళ్ళ శాసనం, క్రీ.శ. 575 ప్రాంతానిది, ఆ వంశపు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. శాసనాల్లో చిర్పలి అన్న పేరుతో కనిపించే వారి రాజధానిని మదనపల్లె పక్కనున్న చిప్పిలిగా చరిత్రకారులు గుర్తించారు. రేనాడు అన్నది కడప జిల్లా పడమటి భాగాన్ని, పాత చిత్తూరు జిల్లా వాయవ్య భాగాన్ని కలుపుకొన్న దేశవిభాగం. శాసనాలు దాన్ని రేనాడు 7000 అని పేర్కొంటాయి. నాటి దేశవిభాగాల పేర్ల పక్కన కనిపించే ఇటువంటి అంకెలను గ్రామాల సంఖ్యగా కొందరు, ఆదాయపు లెక్కగా కొందరు వ్యాఖ్యానించారు. ఏదైనా వాటిని ఒక ప్రాంతపు స్థాయిని తెలిపే సంప్రదాయ సంఖ్యలుగా గ్రహించడం మేలు. రేనాటి చోళుల బలం సన్నగిల్లిన తరువాత ఆ సీమ కోసం బాణులు, వైదుంబులు ముందుకు వచ్చారు. వైదుంబులకు కలకడ రాజధాని. పీలేరుకు దగ్గరున్న ఆ ఊరు నేటికీ అదే పేరుతో ఉంది.

గండ త్రినేత్రుడి కాలంలో ఈ మెట్టసీమ చుట్టూ ఉన్న బలాబలాలను గమనిస్తే గాని అతని యుద్ధాలు అర్థం కావు. తూర్పున, ఆగ్నేయాన బాణులు ఉన్నారు. బలిచక్రవర్తి సంతతివారమని చెప్పుకొన్న ఆ వంశంవారు పల్లవులకు సామంతులు. శ్రీకాళహస్తికి దగ్గరున్న గుడిమల్లంలోని వారి శాసనాలు పల్లవ నృపతుంగుడి పాలనా సంవత్సరాలతో లెక్క చెబుతాయి. ఆంధ్రాపథానికి పడమట ఉన్న నేలగా పేరొందిన వడుగవళి 12000 వారి ఏలుబడిలో ఉండేది. పడమటి వాయవ్య దిశలో నొళంబులు. హేమావతి, అంటే నాటి హెంజేరు, వారి రాజధాని, నొళంబవాడి 32000 వారి దేశం. పడమట తలకాడు కేంద్రంగా గాంగులు ఉన్నారు. ఈ మూడు వంశాలకూ పైన, ఉత్తరాన రాష్ట్రకూటులు, దక్షిణాన క్షీణిస్తున్న పల్లవులు, అప్పుడప్పుడే తలెత్తుతున్న తంజావూరు చోళులు ఉన్నారు. పల్లవుల పట్టు సడలుతున్నకొద్దీ, వారి నీడలో ఉన్న బాణుల నేల మీద నొళంబుల కన్ను పడింది. బాణులకూ నొళంబులకూ నడుమనున్న వైదుంబులు ఎవరో ఒకరి పక్షం వహించక తప్పని స్థితి అది. గండ త్రినేత్రుడు బాణుల పక్షం వహించాడు.

ఆ ఎంపిక ఫలితం సోరెమటి యుద్ధం. ఒకవైపు బాణరాజు, వైదుంబ గండ త్రినేత్రుడు. మరోవైపు నొళంబుడు, గాంగ రాచమల్లుడు. ఈ నలుగురి సేనలు సోరెమటి వద్ద తలపడినట్టు అనేక వీరగల్లులు చెబుతున్నాయి. ఒకే యుద్ధం పేరు వేర్వేరు ఊళ్ళ రాళ్ళ మీద మళ్ళీమళ్ళీ రావడమే దాని తీవ్రతకు సాక్ష్యం. ఒక్కొక్క రాయి ఒక్కొక్క ఊరు ఆ యుద్ధానికి పంపిన మనిషిని లెక్కలోకి తెస్తుంది. నేటి చరిత్రకారులు ఈ పోరులో బాణ వైదుంబ పక్షానిదే పైచేయి అని తేల్చారు. ఆ నిర్ణయాన్ని అంగీకరిస్తూనే, దానికి ఆధారమైన రాళ్ళలో ఎక్కువ భాగం ఆ పక్షంవారు నిలిపినవేనని పాఠకుడు మరచిపోకూడదు. గెలిచిన పక్షంలోనూ చనిపోయినవారే ఈ శాసనాలకెక్కారు. బతికి తిరిగివచ్చిన సైనికుడికి వీరగల్లు ఉండదు కదా.

సోరెమటి గెలుపు ఎక్కువ కాలం నిలవలేదు. నొళంబ రాజు మహేంద్రుడు తరువాతి కాలంలో మహాబలికుల విధ్వంసనుడు, అంటే బాణవంశాన్ని నాశనం చేసినవాడు, అన్న బిరుదు ధరించాడు. అతని బారగూరు శాసనం శక సంవత్సరం 800కు, అంటే క్రీ.శ. 878కి చెందినది, ధర్మపురి శాసనం శక సంవత్సరం 815కు, అంటే క్రీ.శ. 893కి చెందినది. హేమావతి నుంచి బయలుదేరిన ఆ వంశం బలం పదిహేనేళ్ళ వ్యవధిలో దక్షిణాన ధర్మపురి వరకు పాకిందంటే, దారిలో ఉన్న పుంగనూరు, కుప్పం ప్రాంతాల మీద దాని ఒత్తిడి ఎంతగా పడి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వైదుంబుల రాళ్ళు మదనపల్లె, వాయల్పాడు చుట్టుపక్కల దట్టంగా ఉండి దక్షిణానికి పోయినకొద్దీ పలచబడతాయి. కుప్పం వైపు నేల బాణ, గాంగ, నొళంబుల పోటీకే ఎక్కువగా లోనైనట్టు కనిపిస్తుంది.

మహేంద్రుడి తేదీలు మరొక పనికి కూడా ఉపకరిస్తాయి. గండ త్రినేత్రుడి వీరగల్లుల్లో సాధారణంగా శక సంవత్సరం ఉండదు. ఫలానా మహారాజు ఏలుతుండగా అని మాత్రమే ఉంటుంది. అటువంటప్పుడు రాజు కాలాన్ని రెండు దారుల్లో నిర్ణయిస్తారు. శాసనంలో అతనితో కలిసి పేర్కొన్న రాజుల్లో ఎవరికైనా నిశ్చితమైన తేదీ ఉంటే దాని పక్కన ఇతన్ని నిలపడం మొదటి దారి. గాంగ రాచమల్లుడు, నొళంబ మహేంద్రుడు ఆ విధంగా సాక్షులయ్యారు. అక్షరాల రూపాన్ని, అంటే తలకట్టు ఎంత విడిపోయింది, గుండ్రదనం ఎంత వచ్చింది అన్నవాటిని, తేదీ తెలిసిన శాసనాల అక్షరాలతో పోల్చడం రెండో దారి. దీన్ని లిపిశాస్త్రం అంటారు. ఈ రాళ్ళ తెలుగులో నేటి అక్షరమాలలో లేని ఒక అక్షరం కూడా కనిపిస్తుంది. తమిళంలో నేటికీ నిలిచిన ఆ ధ్వని తెలుగులో క్రమంగా ఎక్కువగా డకారంగా మారిపోయింది. నన్నయ భారతానికి ఒకటిన్నర శతాబ్దానికి పైగా ముందు, పండిత భాషతో నిమిత్తం లేకుండా, మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో రాతకెక్కిన తెలుగు ఇది. భాషాచరిత్రకు వీటి విలువ రాజకీయ చరిత్రకు ఉన్న విలువకంటె తక్కువ కాదు. నిజానికి ఎక్కువని వాదించవచ్చు.

రాజుల యుద్ధాలను పక్కనబెడితే, ఈ సీమ వీరగల్లుల్లో పదేపదే కనిపించే కారణం పశువులు. పగవాడి ఊరి మంద తోలుకుపోవడం నాటి యుద్ధతంత్రంలో మొదటి మెట్టు. మహాభారతంలోని ఉత్తర గోగ్రహణం తెలిసిన పాఠకులకు ఇది కొత్త కాదు. మెట్టపంటల మీద, చెరువుల కింది కొద్దిపాటి మాగాణి మీద బతికే సీమలో మంద పోతే ఎరువు, దుక్కి, పాడి అన్నీ ఒకేసారి పోతాయి. అందువల్ల మంద వెంటబడి దాన్ని మళ్ళించే ప్రయత్నంలో చనిపోయినవాడు ఊరికి యుద్ధవీరుడితో సమానుడు. నేడు పొట్టి ఆవుల జాతితో పుంగనూరు పేరు దేశమంతటా తెలిసింది. ఆ జాతిని 9వ శతాబ్దికి అంటగట్టడం తొందరపాటు అవుతుంది గాని, అక్కడ పశువే ఆస్తి అన్న సంగతికి మాత్రం ఈ రాళ్ళు పాత సాక్ష్యాలు.

రాయి రూపం కూడా గమనించదగినది. తరువాతి శతాబ్దాల వీరగల్లుల్లో కింది గడిలో యుద్ధం, నడిమి గడిలో వీరుణ్ణి అప్సరసలు స్వర్గానికి తీసుకుపోవడం, పై గడిలో అతడు శివసన్నిధిలో ఉండడం అన్న మూడంతస్తుల ఏర్పాటు స్థిరపడింది. ఈ సీమలోని తొలి రాళ్ళు అంత అలంకారం లేనివి. విల్లో కత్తో పట్టి ముందుకు అడుగు వేస్తున్న ఒక మనిషి, పైన కొన్ని పంక్తుల రాత, అంతే. రాతలో రాజు పేరు, యుద్ధం పేరు, వీరుడి పేరు వరుసగా వచ్చి, కొన్నింట అతని కుటుంబానికి ఇచ్చిన భూమి ప్రస్తావన, చివర శాపం ఉంటాయి. ఆ భూమిని హరించినవాడు వారణాసిలో వెయ్యి కపిలగోవులను చంపిన పాపాన పోతాడన్నది నాటి శాసనాల్లో పరిపాటిగా వచ్చే శాపం. భూదానం ప్రస్తావనే ఈ రాజ్యం ఎలా నడిచిందో తెలిపే కీలకం. వేతనం ఇచ్చి పోషించే పెద్ద సైన్యం వైదుంబుల వంటి చిన్న రాజులకు సాధ్యమయ్యేది కాదు. సేద్యం చేసుకొనే మనిషి పిలుపు వస్తే కత్తి పట్టడం, చనిపోతే అతని ఇంటివారికి భూమి దక్కడం అన్న ఒడంబడిక మీదనే సేనలు కూడేవి. భూదానం లేకుండా రాయి ఒక్కటే దక్కిన కుటుంబాలూ ఉన్నాయి.

కోలారు వైపు రాళ్ళను బి.ఎల్. రైస్ 1905లో వెలువరించిన కోలారు జిల్లా శాసన సంపుటిలో చేర్చాడు. మద్రాసు రాజధానిలోని రాళ్ళను 1886 తరువాత ఏర్పడిన శాసనశాఖవారు ఏటేటా తిరిగి నకళ్ళు తీశారు. తమిళదేశంలోని చెంగం ప్రాంతపు నడుగల్ శాసనాలను ఆర్. నాగస్వామి 1972లో ఒక సంపుటిగా ప్రకటించాక, మూడు రాష్ట్రాల సరిహద్దుల్లో పరచుకొన్నది ఒకే వీరారాధన సంప్రదాయమన్న సంగతి మరింత స్పష్టమైంది. ఆ సంప్రదాయంలో విశేషాలకు కొదవలేదు. బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న బేగూరు రాయి గాంగ ఎరెయప్ప ఆజ్ఞ మీద తుంబెపాడి పోరులో పడిపోయిన నాగత్తరుడిది. అక్కడే ఉన్న ఆతకూరు రాయి 949లో జరిగిన తక్కోలం యుద్ధాన్ని పేర్కొంటూనే, అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే వేటకుక్కను స్మరిస్తుంది. దక్షిణాపథ చరిత్రను మలుపు తిప్పిన యుద్ధానికి ఒక ముఖ్య సాక్ష్యం కుక్క పేరిట నిలిపిన రాయి కావడం చరిత్రకారులకు కొంత ఇబ్బందిగా ఉన్నా, చదివేవారికి సంతోషమే.

రాతలో చరితం లేని రాజులను గుర్తుంచుకొనే పద్ధతులు లోకంలో వేరేవి కూడా ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో, నేటి నైజీరియా నైరుతి భాగంలో, యొరుబా జాతివారి ఓయో రాజ్యంలో రాజును అలాఫిన్ అంటారు. ఆ కొలువులో అరోకిన్ అనే వంశపారంపర్య గాయకులు పాత రాజుల పేర్లను, చేతలను కంఠస్థం చేసి పఠించేవారు. 18వ శతాబ్దిలో ఏలిన అలాఫిన్ అబియోదున్ తనకు ముందటి రాజులను వరుసగా చావుకు గురిచేసిన మంత్రి గాహాను 1774లో కూలదోశాడన్న కథ, అతని కాలం సుభిక్షంగా గడిచిందన్న కథ అటువంటి నోటి సంప్రదాయం నుంచే వచ్చాయి. సామ్యూల్ జాన్సన్ అనే యొరుబా మతాచార్యుడు వాటిని 1897 నాటికి గ్రంథస్థం చేశాడు. ఆ రాతప్రతి పోగా, అతని తమ్ముడు తిరిగి కూర్చిన గ్రంథం 1921లో అచ్చయింది. అక్కడి జ్ఞాపకం కొలువులో పుట్టింది, కనుక దానికి రాజే కేంద్రం. మంత్రి ద్రోహం, రాజు ప్రతీకారం, రాజ్యపు సిరి అందులో నిండుగా ఉంటాయి, పేరులేని సైనికుడు ఉండడు. ఇక్కడి జ్ఞాపకం ఊరి పొలిమేరలో పుట్టింది, కనుక సైనికుడి పేరు ఉంది, రాజు మనస్తత్వం లేదు. అబియోదున్ ఎటువంటి మనిషో ఒక కథకుడు చెప్పగలడు. గండ త్రినేత్రుడు ఎటువంటి మనిషో చెప్పగల ఆధారం ఏదీ లేదు. బిరుదులోని త్రినేత్ర శబ్దాన్ని బట్టి శివభక్తుడనీ, గండ శబ్దాన్ని బట్టి శూరుడనీ అనడం బిరుదులను చదవడమే గాని మనిషిని చదవడం కాదు. అతణ్ణి మహావిజేతగా చిత్రించిన రచనల్లో ఈ జాగ్రత్త కొంత లోపించింది.

గండ త్రినేత్రుడి తరువాత వైదుంబుల కథ వేగంగా మారింది. 10వ శతాబ్ది ఆరంభంలో చోళ మొదటి పరాంతకుడు ఇద్దరు బాణరాజులను పెకలించి, వైదుంబులను ఓడించాడు. బాణుల నేలను, బాణాధిరాజు అన్న బిరుదును తన మిత్రుడైన గాంగ రెండవ పృథివీపతికి కట్టబెట్టాడని ఉదయేందిరం తామ్రపత్రాల వల్ల, షోలింగూరు శిలాశాసనం వల్ల తెలుస్తుంది. సోరెమటిలో చేయికలిపిన రెండు వంశాలూ ఒకే దెబ్బకు ఒరిగాయి. దిక్కులేని వైదుంబులు ఉత్తరాన రాష్ట్రకూటుల పంచన చేరారు. తక్కోలంలో చోళులను చిత్తుచేసి రాష్ట్రకూట మూడవ కృష్ణుడు తమిళదేశపు ఉత్తర భాగాన్ని ఆక్రమించినప్పుడు, తిరుక్కోవలూరు ప్రాంతంలో అతని తరఫున అధికారం చలాయించినవాడు వైదుంబ తిరువయనుడు. కలకడ కొండల నుంచి తరిమివేతకు గురైన వంశం, తరిమినవాడి నేలనే మరొకడి ప్రతినిధిగా ఏలిందన్నమాట. మూడవ కృష్ణుడి తరువాత చోళులు మళ్ళీ బలపడ్డారు. వైదుంబుల్లో కొందరు చోళుల కొలువులోనే అధికారులుగా కుదురుకొన్నారు.

ఆ వంశపు ఆడపడుచు ఒకరు మాత్రం చాలా దూరం వెళ్ళారు. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజు కామార్ణవుడి రాణి వినయమహాదేవి వైదుంబుల ఇంటి బిడ్డ అని ఆ వంశపు తామ్రశాసనాలు స్పష్టంగా పేర్కొన్నాయి. ఆమె కుమారుడు వజ్రహస్తుడు శక సంవత్సరం 960లో, అంటే క్రీ.శ. 1038లో, కళింగనగరంలో, అంటే నేటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగం ప్రాంతంలో, పట్టాభిషిక్తుడయ్యాడు. వజ్రహస్తుడి కొడుకు రాజరాజు, రాజరాజు కొడుకు అనంతవర్మ చోడగంగు. పూరీలో నేడున్న జగన్నాథాలయ నిర్మాణాన్ని 12వ శతాబ్దిలో ఆరంభించినవాడు ఈ చోడగంగే. తండ్రివైపు పూర్వీకులను పొగడడానికే ప్రధానంగా రాసిన రాగిరేకుల్లో రాణి పుట్టింటి పేరు కూడా చేర్చారంటే, కలకడ చేజారి శతాబ్దం గడిచిన తరువాత కూడా వైదుంబ అన్న పేరుకు కళింగంలో విలువ ఉండేదనుకోవాలి.